రెండు వేళ్ల వదులు

ఫిబ్రవరి 4

అత్తా,

చేరాను. వేళకి తింటున్నాను. ఒంట్లో బాగానే ఉంది. ముందు ఈ మూడూ రాయకపోతే నువ్వు మిగతాది సరిగ్గా చదవవని తెలుసు కాబట్టి రాశాను. ఇక తాపీగా చదువు.

నాకిచ్చిన గది రేకుల షెడ్డు వెనకాల ఉంది. కైట్‌లూ బోర్డులూ తాళ్లూ అన్నీ ఆ షెడ్డులోనే ఆరేస్తారు, అందుకని నా దుప్పటికి కూడా తడి రబ్బరు వాసనే. కిటికీ తీస్తే ఎదురుగా నీళ్లు. సముద్రానికీ ఇసక దిబ్బకీ మధ్య నడుము లోతు మడుగు. పడినా మునగను, భయపడకు. పొద్దున్న కొత్తవాళ్లకి పాఠాలు చెప్తాను, మధ్యాహ్నం అందరి సామాన్లూ కడుగుతాను, సాయంత్రం కోచ్ నాకు నేర్పిస్తాడు. ఆయన్ని ఇక్కడందరూ గడ్డం అంటారు. ఎందుకో ఆయన్ని చూస్తే నీకే తెలుస్తుంది.

"గాలిపటం పట్టుకుని నీళ్ల మీద జారడం వచ్చేసిందిగా, ఇంకా ఏం నేర్చుకుంటావే?" అనడిగావు కదా. ఇప్పటిదాకా కైట్ కడ్డీని నా నడుము పట్టీకున్న కొక్కేనికి తగిలించేదాన్ని. లాగుడంతా నడుము కాసేది. ఇప్పుడా కొక్కెం విప్పేసి, కడ్డీని ఒట్టి చేతుల్తో పట్టుకుని గాల్లోకి లేవాలి. లేచి, గిర్రున తిరుగుతూ, వీపు వెనకనుంచి కడ్డీని ఒక చేతిలోంచి రెండో చేతిలోకి మార్చుకుని, మళ్లీ బోర్డు మీదే నీళ్లలో దిగాలి. ఏప్రిల్ చివర్లో ఇక్కడ పోటీ ఉంది. అందులో ఈ ఒక్క విద్యా శుభ్రంగా చేసి చూపిస్తే పై తరగతి పాఠాలు చెప్పే పని నాకే ఇస్తానన్నాడు గడ్డం. అప్పుడీ సామాన్లు కడిగే గోల వదిలిపోతుంది.

కుడి మోకాలు బాగుంది. నిరుడు దాన్ని మెలిపెట్టుకుని నెల్లాళ్లు నీ కుట్టుమిషను పక్కన మంచమేసుకుని పడుకున్నది మర్చిపోలేదు. "ఈసారికి బతికిపోయావు, మళ్లీ తిరగబడితే ఆపరేషనే, ఆ తర్వాత ఎగరడాలు మర్చిపో" అని ఎముకల డాక్టరు అన్నదీ మర్చిపోలేదు. అందుకే గడ్డం నన్ను నీళ్లలోకి తొందరగా వదలడం లేదు.

ఒక పని చేసిపెట్టు. ఈ పొట్లంలో నా బోర్డు పట్టీలున్నాయి, పాదాలు దూర్చుకునేవి. లోపల మెత్త చిరిగిపోయింది. కొలత కోసం పేపరు మీద పాదం గీసి పెట్టాను. కొత్తవి కొనుక్కోవచ్చు, కానీ అమ్మ పోయినప్పట్నుంచీ నా ఒంటి మీద ఉన్నవన్నీ నీ చేతి కుట్లేగా. పాదాల మీద కూడా నీ కుట్టే ఉంటే నాకు ధైర్యం.

గాలి లేచింది, పరిగెత్తాలి.
నీ మిడత


ఫిబ్రవరి 13

ఏమే మిడతా,

ఒంట్లో బాగానే ఉందని రాశావు, సంతోషం. ఎంత బాగుందో, ఎందుకు బాగుందో రాస్తే ఇంకా సంతోషించేదాన్ని.

పైవాటాలో లెక్కల మాస్టారు నన్ను చూసి నవ్వుతాడు. ఈ కాలంలో ఉత్తరాలేంటండీ, ఫోను చెయ్యొచ్చుగా అని. ఫోన్లో నాకు గాలి హోరు తప్ప నీ గొంతు వినపడదు. వినపడ్డా "బాగున్నా అత్తా, ఉంటా అత్తా" అని పెట్టేస్తావు. కాగితం మీదైతే నాలుగుసార్లు చదివి ఎక్కడ నొక్కేశావో పట్టుకుంటాను. ఆయనకి లెక్కలు తెలుసు గానీ నువ్వు తెలియవు కదా.

నీ పట్టీలు కుట్టేశాను. జూన్‌లో బడులు తెరిచే లోపు ఇవ్వాల్సిన యూనిఫారాలు గుట్టగా పడి ఉన్నాయి, అయినా ముందు నీవే పట్టుకున్నాను. అసలు వాటిని చూసి నాకు ఒళ్లు మండింది. పాదానికీ పట్టీకీ మధ్య ఇంత ఖాళీయా! దానికి తోడు ఆ చరచరమని ఊడొచ్చే వెల్క్రో ఒకటి! చిన్నపిల్లల చెప్పులకి వేసే వెల్క్రోని నమ్ముకుని నువ్వు ఆకాశంలోకి ఎగురుతున్నావా? నిరుడు "పాదం ఊడిపోయిందత్తా, అందుకే పడ్డాను" అని నువ్వే ఏడుస్తూ చెప్పావు. ఊడదూ మరి?

వెల్క్రో పీకేశాను. బడిసంచులకి వేసే ఇనప బకిల్ వేశాను. నువ్వు గీసిన పాదం మీద గుడ్డ పరిచి, వెంట్రుకవాసి ఖాళీ లేకుండా కత్తిరించాను. బూట్లు కుట్టే మైనపు దారంతో రెండు వరసలు కుట్టాను. దూర్చుకుని బకిల్ పెట్టుకో, ఇక ప్రపంచం తలకిందులైనా నీ పాదం ఊడదు. ఆ పట్టీలు కుట్టినప్పట్నుంచీ కాస్త కంటి నిండా నిద్రపోతున్నాను.

నా మోకాలి సంగతి అడుగుతావని ముందే చెప్తున్నా. తొక్కుడు మిషను కదా, ఎడమది సణుగుతోంది. దాని సణుగుడు దానిది, నా పని నాది.

తల తడిగా ఉంచుకోకు.
అత్త


ఫిబ్రవరి 24

అత్తా,

పట్టీలు అందాయి. ఎంత బాగున్నాయో! అంచు మీద ఆకుపచ్చ దారంతో చిన్న మిడతని కూడా కుట్టావు, నేను చూడననుకున్నావా? గడ్డం వాటిని తీసుకుని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. "మీ అత్తకి నువ్వంటే ప్రాణం" అన్నాడు. ఇంకేం అనలేదు.

నా చదువు విను. ఈ మనిషి నన్ను నీళ్లలో కంటే నేల మీదే ఎక్కువ ఎగిరిస్తున్నాడు. చెక్కపెట్టె మీదనుంచి దూకాలి. దిగినప్పుడు చప్పుడు రాకూడదు. చప్పుడొస్తే "ఏనుగమ్మా, మళ్లీ ఎక్కు" అంటాడు. కాళ్లు బిగదీసి దిగితే దెబ్బంతా మోకాలికే తగులుతుందట, వంచి దిగితే తొడలూ పిరుదులూ పంచుకుంటాయట. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలి ఒకదానికొకటి తగలకూడదు. "వాటిని రహస్యాలు చెప్పుకోనివ్వకు" అంటాడు. తొడల వెనక కండలకి వేరే కసరత్తు. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడాలి, అదయ్యాక కళ్లు మూసుకుని నిలబడాలి. నిన్న కళ్లు మూసుకుని తోముతూ సబ్బుపెట్టె మీద పడ్డాను.

వీపు వెనక చెయ్యి మార్చడం షెడ్డు దూలానికి కట్టిన కడ్డీ మీద నేర్చుకుంటున్నాను. అది నిద్రలో కూడా వచ్చేశాక చిన్న గాలిలో, చిన్న ఎత్తులో. అదీ వచ్చాకే పెద్దది. మధ్యలో మెట్లు దాటనివ్వడు.

ఇక్కడొక కట్టుబాటు ఉంది, విచిత్రంగా ఉంటుంది. ఒడ్డున ఎవరైనా "ఇంకొక్కసారి" అంటే వాళ్ల ఆట ఆ రోజుకి అయిపోయినట్టే. నోట్లోంచి ఆ మాట రాగానే కైట్ దించేసి బయటికి వచ్చెయ్యాలి. ఆ మాట అనేది అలిసిపోయిన కాళ్లేనట, మోకాళ్లు విరిగేది ఎప్పుడూ ఆ ఒక్కసారిలోనేనట. మొదట్లో నవ్వొచ్చింది. ఇప్పుడు ఆ మాట నోటిదాకా వస్తే చటుక్కున పెదాలు కరుచుకుంటున్నాను. నీ మిషను దగ్గర కూడా ఈ కట్టుబాటు పెట్టాలి, "ఇంకొక్క చొక్కా" అంటూ కూర్చుంటావుగా.

నీ పట్టీలు పోటీ కోసమని దాచుకున్నాను. 

చెక్కపెట్టె పిలుస్తోంది.
మిడత (ఏనుగు)


మార్చి 5

మిడతా,

దాచుకోవడానికి కుట్టానా? అవేమైనా బీరువాలో పెట్టుకునే పట్టుబట్టలా? కాళ్లు నీళ్లలో పెట్టేది రోజూ, పట్టీలు మాత్రం పెట్టెలోనా? మరి ఇప్పుడు పాదాల మీద ఏముంది, ఏ చింకి గుడ్డ?

నాకేం అర్థం కాదనుకోకు. అక్కడ అమ్మాయిలందరూ అంగళ్లలో కొన్నవి వేసుకుంటారు. మన పట్టీల మీద బడిసంచి బకిల్ చూసి ఎవరో నవ్వి ఉంటారు. నీకు నామోషీ అయ్యుంటుంది. ఆరో తరగతిలో నేను కుట్టిన బకిల్ సంచిని గేటు దగ్గర మడిచి పుస్తకాల మధ్య దాచుకునేదానివి, కిటికీలోంచి చూసేదాన్ని. అప్పుడూ ఏమీ అనలేదు. అందంగా లేదని అనుకో, నాకేం బాధ లేదు. కానీ ఇది సంచి కాదే, నీ కాలు. నవ్వేవాళ్లని నవ్వనీ.

వెంటనే వేసుకుని దిగు. దిగాకే నాకు ఉత్తరం రాయి. అప్పటిదాకా రాయకు.

అత్త


మార్చి 16

అత్తా,

వేసుకున్నాను. వేసుకుని దిగాను. చాలా బాగున్నాయి, ఎక్కడా కుట్టు కదల్లేదు. నామోషీ ఏమీ లేదు, ఉట్టినే ఊహించుకోకు.

పొద్దున్న తువాలు ఆరేస్తే గాలికి ఎగిరి పక్కింటి రేకుల మీద పడింది, దానికోసం ఒక పిల్లాణ్ని నిచ్చెన ఎక్కించాల్సి వచ్చింది. భలే నవ్వుకున్నాం. ఈ వారం నీళ్లలోకి దిగడం లేదు. గాలి లేదు. అందుకని కుర్చీలో కూర్చుని పుస్తకాలు చదువుతున్నాను, బోలెడు తీరిక. ఈ ఉత్తరం కూడా తీరిగ్గా రాస్తున్నా, చూడు అక్షరాలు ఎంత గుండ్రంగా వస్తున్నాయో.

పోటీకి ఇంకా టైముంది. నీ ఎడమ మోకాలు ఎలా ఉంది? కుర్చీ ఎత్తు కొంచెం పెంచుకుంటే తొక్కుడు తేలికవుతుందట, గడ్డం చెప్పాడు.

ప్రేమతో
మిడత


మార్చి 24

మిడతా,

తువాలు గాలికి పక్కింటి రేకుల మీదికి ఎగిరింది. రెండు వాక్యాల తర్వాత గాలి లేదు. నేను చదువుకోలేదు గానీ చదవడం వచ్చు.

"ప్రేమతో" ఏంటే? పుట్టి బుద్ధెరిగాక నాకెప్పుడైనా అలా రాశావా? ఆ మాట చూసి మళ్లీ మొదటినుంచీ చదివాను. తీరిక, కుర్చీ, పుస్తకాలు! నువ్వు కుర్చీలో కూర్చుని పుస్తకం చదవడం అంటే కాలు లేవడం లేదనే అర్థం.

మోకాలు ఏమైంది? కుడిదేనా? డాక్టరు దగ్గరికి వెళ్లావా? ఏమన్నాడు? ఉన్నదున్నట్టు రాయి. ఇంకోసారి అబద్ధం రాస్తే బస్సెక్కి వచ్చేస్తాను, మీ గడ్డం గడ్డం పట్టుకుని అడుగుతాను.

నాకు తెలుసు ఏం జరిగిందో. నా కుట్టు విడిపోయింది. నేను బాధపడతానని "కుట్టు కదల్లేదు" అని పనిగట్టుకుని రాశావు. అడక్కుండా ఎవరైనా ఆ మాట రాస్తారా? ఆ రోజు కళ్లు మంటగా ఉన్నాయి, ఎడమ పట్టీ రెండో వరస దగ్గర దారం చాలక ముడేసి మళ్లీ మొదలుపెట్టాను. అక్కడే పోయుంటుంది. చేతులారా చేశాను.

ఇంకో జత పంపుతున్నాను. ఇవి తోలువి. మధ్యలో గుడ్డ పొర పెట్టాను, రెండు బకిళ్లు, నాలుగు వరసల కుట్టు. వీటిని ఏనుగు లాగినా రావు. కాలు బాగైతే ఇవే వేసుకో. బాగుంటుంది. బాగుండాలి. 

వెంటనే రాయి, రెండు ముక్కలైనా సరే.
అత్త


ఏప్రిల్ 2

అత్తా,

తోలు పట్టీలు నా ఒళ్లో ఉన్నాయి. వీటిని చూసి ఏడ్చాను. ఇక ఏదీ నొక్కెయ్యను, అంతా రాస్తాను, నువ్వు కూడా చివరిదాకా చదివాకే లే.

నీ కుట్టు విడిపోలేదు. ఒక్క పోగు కూడా కదల్లేదు. అత్తా, అదే గొడవైంది.

నిరుడు నేను ఏడుస్తూ చెప్పింది సగమే. ఒక పాదం ఊడింది, నిజమే. కానీ రెండోది ఊడలేదు. బోర్డు కొన నీళ్లలో గుచ్చుకుని తిరిగింది, దాంతోపాటు ఇరుక్కున్న కాలు తిరిగింది. ఊడిన కాలికి ఏమీ కాలేదు. ఇరుక్కున్న కాలి మోకాలే పోయింది. నేను అప్పుడు "పాదం ఊడిపోయింది" అని ఒకటే అరిచాను, నువ్వు దాన్నే పట్టుకున్నావు. తప్పెవరిది? నాదే.

మా పట్టీలు గట్టిగా పట్టుకోవాలి, కానీ పడినప్పుడు రెండూ ఒక్కసారి వదిలెయ్యాలి. నాలా ఇప్పుడిప్పుడే ఈ విద్య నేర్చుకునేవాళ్లకి అది మరీ ముఖ్యం, రోజుకి పదిసార్లు పడతాం కాబట్టి. పాదం తొడుక్కున్నాక పైన రెండు వేళ్లు దూరాలి, అది గడ్డం లెక్క. వెల్క్రో ఉండేది కూడా అందుకే, పెద్ద కుదుపొస్తే చరచర ఊడుతుంది. నీ పట్టీలు చూసినప్పుడే గడ్డం నాతో చెప్పాడు, "ఇవి గోడకి తగిలించుకో, కాలికి వద్దు" అని. అది నీకు రాయడానికి నాకు చెయ్యి రాలేదు. నువ్వు కంటి నిండా నిద్రపోతున్నానని రాశావు కదా.

తర్వాత నీ కోపం ఉత్తరం వచ్చింది. ఆరో తరగతి సంచి సంగతి నీకు తెలుసని నాకు తెలియదు. ఆ వాక్యం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. గడ్డం ఊళ్లో లేని రోజు చూసి, చిన్న గాలిలో, నీ పట్టీలు వేసుకుని దిగాను. మొదటి మూడూ బాగానే అయ్యాయి. నాలుగోది అడ్డంగా దిగాను. కడ్డీ వదిలేశాను, అది నేర్చుకున్నదే. బోర్డు మాత్రం నన్ను వదల్లేదు. బకిల్ విప్పడానికి నీళ్లలో చేతులు ఆడలేదు. కుర్రాళ్లు వచ్చి విప్పారు.

ఇప్పుడు మంచి మాట. మళ్లీ కుడి మోకాలే, కానీ లోపల ఏదీ తెగలేదు. ఇక్కడి డాక్టరు స్కాన్ తీసి చూశాడు. బెణికిందంతే. నెల రోజులుగా దూకిన ఆ చెక్కపెట్టే కాపాడింది, తొడల్లో ఆ బలం లేకపోతే తెగిపోయేదే అన్నాడు. వాపు తీసేసింది, మెట్లెక్కుతున్నాను, ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముతున్నాను. ఏప్రిల్ చివర్లో దిగనిస్తాడో లేదో ఆ వారమే చెప్తాడట. గడ్డం నన్ను తిట్టలేదు.

నువ్వు మిషను ముందు కూర్చుని నిన్ను నువ్వు తిట్టుకుంటున్నావని తెలుసు. మానెయ్. నీ బూట్ల దారం నన్ను పడెయ్యలేదు. నీకు ఒక్క వాక్యం నిజం రాయలేకపోయిన నా పిరికితనం పడేసింది.

మిడత


ఏప్రిల్ 11

మిడతా,

ఉత్తరం అందిన రోజు మిషను మీద గుడ్డ కప్పేశాను. మర్నాడూ తియ్యలేదు. యూనిఫారాల వాళ్లొచ్చి తలుపు కొట్టి వెళ్లారు. నా ఇన్నేళ్ల పనిలో కుట్టు ఊడిందని ఎవరూ నన్ను వేలెత్తి చూపించలేదు. ఊడకపోవడం తప్పవుతుందని నాకెవరు చెప్పారు? నీ పాదం గీసిన పేపరు తీసి చూసుకుంటూ కూర్చున్నాను. కొలతలు అంత సరిగ్గా తీశాను కదే!

మూడో రోజు నామీద నాకే చిరాకేసి లేచాను. అర్థం కాకుండా ఏడవడం నాకు చేతకాదు. పైవాటా మాస్టారిని కిందికి పిలిచాను. ఇస్త్రీబల్ల చెక్క నేలమీద పెట్టి, దానికి నేను మొదట కుట్టినదాని లాంటి పట్టీనే ఇంకోటి బిగించి, నా పాదం దూర్చి, బకిల్ పెట్టి, గోడ పట్టుకుని "చెక్క తిప్పండి" అన్నాను. ఆయన చెమటలు కక్కుతూ కొంచెం తిప్పాడు. పాదం కదల్లేదు. మోకాలు కదిలింది. అప్పుడు అర్థమైంది నాకు, నీ ఉత్తరంలో ఉన్నదంతా. ఆయన కంగారుపడి చెక్క వదిలేసి "అయ్యో, నొప్పిగా ఉందా అమ్మా?" అన్నాడు. లేదండీ, కొలత తెలిసింది అన్నాను.

తర్వాత వెల్క్రోది బిగించి తిప్పమన్నాను. రెండు వేళ్లు వదిలాను. పాదం చక్కగా బయటికొచ్చింది. మాస్టారు చప్పట్లు కొట్టాడు. ఆ పిచ్చిపని మేమిద్దరం చీకటి పడేదాకా చేశాం.

ఒక మాట చెప్పనా? ఈ ఊళ్లో ప్రతి పిల్లాడి నిక్కరుకీ లోపల మడత వదిలి కుడతాను, పెరుగుతాడు కదా అని. మోకాలి దగ్గర కాస్త వదులు పెడతాను, పరిగెత్తుతాడు, వంగుతాడు కదా అని. తల్లులు బిగుతుగా కావాలన్నా వినను. ఊరందరి పిల్లలకీ వదిలాను. నీకు మాత్రం వెంట్రుకవాసి కూడా వదల్లేదు. నువ్వంటే భయం నాకు. నిన్ను తెచ్చుకున్న రోజునుంచీ ఉన్న భయం. దాన్నే కుట్టి పంపాను.

కొత్త జత పంపుతున్నాను. వెల్క్రో వెడల్పుది, కొనల్లో మాత్రం అంటుకునేలా. బకిల్ లేదు. రెండు వేళ్ల వదులు. ఎవరి వేళ్లు అని ఆలోచించాను, గడ్డానివా, నావా? నీవే పెట్టాను. పోయిన చలికాలం నీకు చేతి తొడుగులు అల్లినప్పటి కొలత ఉంది నా దగ్గర. గడ్డానికి చూపించు. ఆయన సరే అంటేనే వేసుకో. కాదంటే నాకు రాయి, మళ్లీ కుడతాను. నా మొహం చూసి వేసుకోకు.

ఇంకో సంగతి. సంచి మడిచి దాచుకున్నందుకు నిన్నెప్పుడూ ఏమీ అనుకోలేదు. ఆ బకిల్ నిజంగానే వికారంగా ఉండేది.

నిజమే రాస్తూ ఉండు.
అత్త


మే 2

అత్తా,

డాక్టరు దిగనిచ్చాడు. గడ్డం నీ పట్టీల్లో తన లావు వేళ్లు పెట్టి చూసి "ఇవి కాలికే" అన్నాడు. పోటీ మొన్న అయింది.

ముందు మోకాళ్లు. రెండూ ఉన్నాయి. రెండూ వంగుతున్నాయి. ఇప్పుడు మిగతాది.

ఒక్కొక్కరికీ మూడు అవకాశాలు. మొదటిదాంట్లో పైకి లేచి, తిరిగి, చెయ్యి వెనక్కి పెట్టాను, కడ్డీ అందలేదు. ఒడ్డంతా "అయ్యో" అంది. రెండోదాంట్లో కడ్డీ అందింది అత్తా! వీపు వెనక నా కుడి చెయ్యి దాన్ని పట్టుకుంది, నా అరచేతికి అది తగిలినప్పుడు నేను గాల్లోనే అరిచాను. కానీ ఒళ్లు పక్కకి వాలిపోయింది, కాళ్ల మీద దిగడం కుదరదని తెలిసిపోయింది. వదిలేశాను. నీళ్లకి ఇలా తగిలానో లేదో చర్‌ర్‌మని రెండు పాదాలూ ఒక్కసారే బయటికొచ్చాయి. బోర్డు దాని దారిన అది పోయింది, నేను నా దారిన తేలాను. నీళ్లలో కూర్చుని మోకాళ్లు తడుముకున్నాను. తర్వాత నీ పట్టీలున్న ఆ బోర్డు వెనకాల ఈదుకుంటూ వెళ్లాను.

మూడోది మిగిలింది. తొడలు వణుకుతున్నాయి. ఆ ఒక్కటీ దిగితే పని నాది. గడ్డం ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడ్డాడు, అదంతా నేనే తేల్చుకోవాలి. "ఇంకొక్కసారి" అని నా నోట్లోంచి వచ్చేసింది. పక్కన ఎవరూ లేరు, ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది. కైట్ దించేసి బయటికి వచ్చేశాను.

పని వేరే అమ్మాయికి వెళ్లింది. శుభ్రంగా చేసింది తను, కుళ్లుకుందామన్నా కుదరలేదు. నేను వచ్చే సీజను దాకా సామాన్లు కడుగుతాను. ఆ రాత్రి కాస్త ఏడ్చాను, నిజమే రాయమన్నావుగా. పొద్దున్న లేచి ఒంటికాలి మీద పళ్లు తోముకున్నాను. సబ్బుపెట్టె మీద పడలేదు.

అత్తా, నువ్వు రా. ఇంతకాలం చూడకుండా భయపడ్డావు, ఒకసారి చూసి భయపడు. కైట్ లేపడానికి ఒక మనిషి సాయం కావాలి. నేను నీళ్ల దగ్గర తాళ్లు పట్టుకుని నిలబడతాను, నువ్వు దూరంగా కైట్ అంచు పట్టుకుని ఉండాలి. నేను బొటనవేలు ఎత్తి చూపించగానే వదిలెయ్యాలి. విసరకూడదు, తొయ్యకూడదు. వదిలెయ్యడమే. అది నువ్వే చెయ్యాలని నాకు ఆశ.

మిడత


మే 27

మిడతా,

ఇల్లు చేరాను. బస్సులో కిటికీ పక్కనే దొరికింది. కాళ్లకంటిన ఇసక ఇంకా పోలేదు, మాస్టారు మెట్లమీద చూసి "సముద్రం వెంట తెచ్చుకున్నారా?" అన్నాడు.

వచ్చీ రాగానే మిషనుకి మోటారు పెట్టించాను. తొక్కక్కర్లేదు. కుర్చీ ఎత్తు పెంచాను. నిన్న సాయంత్రం ఒకావిడ కర్టెన్లు పట్టుకొచ్చి ఇంకొక్కటే కుట్టివ్వమని బతిమాలింది. ఆ మాట వినగానే లేచి మిషను మీద గుడ్డ కప్పేశాను. ఆవిడ నా వంక చూసిన చూపు! ఇది మా మిడత ఒడ్డున కట్టుబాటండీ అని చెప్పాను. ఏం అర్థమైందో ఆవిడకి. మోకాలి సణుగుడు కొంచెం తగ్గింది.

అక్కడ నీకు చెప్పని సంగతి ఒకటుంది. అది కాగితం మీదే చెప్పగలను, అందుకే రాస్తున్నాను.

ఆ రోజు నువ్వు బొటనవేలు ఎత్తి చూపించావు. నేను చూశాను. చూసి కూడా ఎండ కళ్లలో పడుతున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. రెండోసారి చూపించావు. పటం నా చేతుల్లో కోడిపిల్లలా కొట్టుకుంటోంది, నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. మీ గడ్డం పక్కనే ఉన్నాడు, తొందరపెట్టలేదు. మంచి మనిషి. అప్పుడు నువ్వు చెయ్యి దించేశావు. కేకలెయ్యలేదు, విసుక్కోలేదు. అంత దూరంలో నడుము లోతు నీళ్లలో నిలబడి, నాకోసం ఊరికే అలా కాచుకున్నావు. చిన్నప్పుడు గౌను కొలత తీసుకునేటప్పుడు కూడా అలాగే కదలకుండా నిలబడేదానివి.

మూడోసారి నువ్వు వేలెత్తలేదు. నేనే వదిలాను.

అది ఎంత పైకి పోయిందే! నువ్వూ లేచావు. తిరిగావు. వీపు వెనక ఏం చేశావో నాకు కనపడలేదు, అంత త్వరగా అయిపోయింది. ఒడ్డున అందరూ అరిచారు, అయితే అయ్యుంటుందిలే అనుకున్నాను. నేను చూసింది మాత్రం నీ కాళ్లనే. రెండు మోకాళ్లూ వంచి, ఒకదానికొకటి తగలకుండా, చప్పుడు లేకుండా దిగావు.

నేను కళ్లు మూసుకోలేదు.

అత్త